ముప్పై ఆరు గంటల వరద

ఇన్‌స్పెక్టరు వరప్రసాదం నన్ను "డిటెక్టివుగారూ" అని పిలుస్తాడు. ఊరికే పిలవడు. స్టేషను మెట్ల మీద గంటసేపు నిలబెట్టి, లోపలున్న కానిస్టేబుళ్ళందరికీ వినపడేలా పిలుస్తాడు. ఆరో తరగతితో బడి మానేసినవాడికి ఆ పేరు ఎలా నప్పుతుందని అతని ఎగతాళి. నిజానికి నా పనికి పేరు లేదు. తెనాలిలో దక్షిణామూర్తిగారని క్రిమినల్ వకీలు ఉన్నారు. ఆయన కేసు పట్టుకుంటే సాక్షులను వెతికేదీ, అబద్ధాలు పట్టేదీ నేను. అలా నేను పట్టుకున్న సంగతులు మూడు కేసుల్లో వరప్రసాదం తన డైరీలో తనవిగా రాసుకున్నాడు. ఒకదానికి మెడల్ కూడా తెచ్చుకున్నాడు. అది పోనీ. ఈ నాలుగో కేసులో అతను ఏ పాపమూ తెలియని మనిషిని సెషన్స్ కోర్టుకు తోలుతున్నాడు. తోలుతున్నానని అతనికీ తెలుసు.

1970 అక్టోబరు 22, గురువారం. పొద్దున ఎనిమిదిన్నర.

"ఏం డిటెక్టివుగారూ, మీ జాలరివాడికి దారి దొరికిందా?"

"దొరికితే మీ దగ్గరికెందుకు వస్తానండి. కాగితాలు ఒకసారి చూడనివ్వండి సార్."

"చూడు. చదవడం వచ్చుగా?"

కాగితాల్లో ఉన్నది ఇంతే. బాపట్లలో ఒక హైస్కూల్లో సైన్సు చెప్పే దేవదానం మాస్టారు దసరా సెలవుల్లో ఊరు విడిచి వెళ్ళి తిరిగి రాలేదు. పదిహేనో తారీకు గురువారం పొద్దున ఆయన శవం సముద్రపు పాయ మొగలో తేలింది. తలకు దెబ్బ. గొంతులో ఎర్రమట్టి. చేతి గడియారం ఏడూ పన్నెండుకు ఆగిపోయింది. కర్లపాలెం అవతల, ఆ పాయలో కలిసే చింతలవాగు మీద వంతెన ఉంది. పద్నాలుగో తారీకు బుధవారం పొద్దున ఏడున్నరకు ఆ వంతెన దగ్గర నుంచి మాస్టారి సైకిలు తోసుకుంటూ వస్తున్న జాలరి ఏడుకొండలును ఇద్దరు చూశారు. అంతకు వారం ముందు అదే ఏడుకొండలు నలుగురిలో మాస్టారి చొక్కా పట్టుకుని, "ఈ నీళ్ళలోనే నిన్ను ముంచుతా" అన్నాడు.

"గడియారం గంట చెబుతుంది, రోజు చెప్పదు కదండి," అన్నాను.

"రోజు గొంతులోని మట్టి చెబుతుంది. ఎర్రమట్టి కొండ వరదలోనే వస్తుంది. వరద వంతెన దగ్గరికి ఎప్పుడొచ్చింది? నీటిమట్టం రాసే గవర్నమెంటు గేజీ పుస్తకం చూడు. పద్నాలుగు, బుధవారం, ఆరు గంటలు, తొమ్మిది అడుగులు. ఏడూ పన్నెండుకు మాస్టరు మునిగాడు. ఏడున్నరకు నీవాడు సైకిలుతో దొరికాడు. మధ్యలో పద్దెనిమిది నిమిషాలు. ఇంతకంటే ఏం కావాలి?"

"వరద మంగళవారమే వచ్చిందని ఊళ్ళో అంటున్నారు."

"ఇద్దరు మంగళవారమంటారు, ఇద్దరు బుధవారమంటారు. నాలుగు రోజులు ముసురు పట్టింది, ఎవడికి గుర్తు? కోర్టుకు కావలసింది పుస్తకం." కాగితాలు లాక్కున్నాడు. "రేపు పొద్దున ఆరింటికి నీవాణ్ణి వంతెన కిందికి దింపి పంచనామా రాస్తున్నాను. సోమవారం చార్జిషీటు."

మెట్ల కింద ఏడుకొండలు భార్య పోలమ్మ కూర్చుని ఉంది. పక్కన ఎండుచేపల గంప ఉంది. అమ్మడానికి తెచ్చి, అమ్మడం మరచిపోయింది.

"ఏమన్నాడు అన్నా?"

"పుస్తకమంటాడు."

"మంగళారం పొద్దున మా పడవ కట్టు తెంపుకుని కొట్టుకుపోయింది. వరద రాకుండా పడవ దానంతటదే పోయిందా? ఆ రోజు మావోడు రేపల్లెలో ఎండుచేపలు దించుతున్నాడు. ముప్పై మంది ఉన్నారు అక్కడ. అడగమను."

"అందరూ మీవాళ్ళేనంటాడు."

"మరి మా చేపలు బ్రాహ్మలొచ్చి దించుతారా?"

"బుధవారం సైకిలు ఎందుకు ముట్టుకున్నాడు?"

"పడవ ఎతుక్కుంటా పోయాడు. వంతెన మీద సైకిలు పడుంది. మాస్టారిదని తెలుసు. మొన్నే ఆయన్ని అన్నేసి మాటలన్నాడు గదా, సైకిలన్నా ఇంటికాడ పెట్టొద్దామని తోసుకొచ్చాడు." గంప మీది ఈగలు తోలింది. "ఆయన సీసాల్లో మందు తెచ్చి పాయలో పోసి చేపల్ని చంపుతున్నాడనుకున్నాడు అన్నా. మూడేళ్ళుగా చేపలు తేలిపోతన్నాయి. మూడేళ్ళుగా ఆయన సీసాలు పట్టుకు తిరుగుతన్నాడు. మావోడు ఆ రెండూ కలిపి చూశాడు."

పదకొండు గంటలకు బాపట్లలో మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య ఏసమ్మ ఎవరితోనూ మాట్లాడటం లేదని చెప్పారు. నేను గడప దగ్గరే నిలబడి, సీసాలు చూడటానికి వచ్చానన్నాను. ఆ మాటకు లేచి వచ్చింది.

"ఇప్పటిదాకా ఎవరూ అడగలేదండి అన్నయ్యగారు. ఇన్‌స్పెక్టరు కూడా సైకిలుకు తగిలించి ఉన్న సంచి తెచ్చి, గాజు సీసాలేగా ఉంచుకోమ్మా అని పడేసి పోయాడు."

కిటికీ పక్కన అలమర. మూడు వరసలు. పైన 68, మధ్యన 69, కింద 70. వరసకు ఏడు సీసాలు, ఒక్కొక్కదానికీ అంటించిన కాగితం మీద అంకె. ఏటా దసరాకు చింతలవాగు పొడవునా నీళ్ళు పట్టేవారట. ఎగువకు వెళ్తూ దారిలో ఆరు నుంచి రెండు దాకా, చివర కొండ దగ్గర ఒకటి. రాత్రి బస్సెక్కి, సైకిలు టాపు మీద వేయించుకుని దిగువకు వచ్చి, వంతెన దగ్గర ఏడు. ఆ బస్సు కండక్టరును నేను ముందే కలిశాను. ముఖాలు గుర్తుండవన్నాడు.

కొండ సీసాలు మూడూ తీసి వరసగా పెట్టాను. 68లో అడుగున వెంట్రుక మందాన మట్టి. 69లో ఒక వేలు. ఈ ఏడు మూడు వేళ్ళు, ఎర్రగా.

"ఇదేంటమ్మా, ఏటేటా పెరిగింది?"

"కొండ మీద చెట్లు పోయాయన్నారండి. పొగాకు బ్యారన్లలో ఆకు ఎండబెట్టాలంటే కట్టెలు కావాలంట. మూడేళ్ళలో కొండంతా బోడి చేశారంట. చెట్టు లేకపోతే వాన నిలవదు, మట్టిని తీసుకుని దిగిపోతుందనేవారు."

"మరి ఈ పచ్చవి?"

ఐదు, ఆరు, ఏడు అంకెల సీసాలు పచ్చగా ఉన్నాయి. వాటిలో ఏడోది చిక్కటి పచ్చ.

"అవి వరిచేల కింద పట్టినవి. ఎండలో పెడితే ఐదో రోజుకి పచ్చబడతాయి. కొండ నీళ్ళు ఎన్నాళ్ళున్నా పచ్చబడవు. కొత్త వరి వచ్చాక చేలల్లో యూరియా తెగ చల్లుతున్నారు కదండి, అది కడుక్కుని వాగులోకొచ్చి పాచిని పెంచుతుందంట. ఆ పాచి పాయలోకి పోయి కుళ్ళితే చేపలకి ఊపిరాడదంట. ఏడుకొండలుకి ఇదే చెప్పబోయారు. చొక్కా పట్టుకుంటే ఇంకేం చెబుతారు." ఆమె ఏడో సీసా నా చేతిలోంచి తీసుకుని యథాస్థానంలో పెట్టింది. "అతను చంపలేదని నాకు తెలుసు. నా మాట ఎవరిక్కావాలి."

ఏడో సీసా ఆ సంచిలోదే. అందులో ఎర్రమట్టి చిటికెడు కూడా లేదు. అంటే వరద రాకముందు పట్టిన నీళ్ళు.

తరవాత ఆమె ఒక కార్డు ఇచ్చింది. సోమవారం సాయంత్రం కొండ దగ్గర పోస్టు చేసినది, శుక్రవారం, అంటే శవం దొరికిన మర్నాడు, ఇంటికి చేరింది. 'వాన ఇక్కడ ఆరింటికి ఆగింది. గేజీ గదిలోని పట్టిక ప్రకారం వరద వంతెనకు బుధవారం ఆరు గంటలకు వస్తుంది. రేపు ఏడింటికల్లా దిగి మామూలు నీళ్ళు పట్టుకుంటాను. వరద నీళ్ళు కూడా పట్టాలి గనక బుధవారం దాకా అక్కడే ఉంటాను. రాత్రికి ఇంటికొస్తాను.'

నేను ఆ కార్డు రెండుసార్లు చదివాను. వాన ఆగింది సోమవారం ఆరు. గడియారం ఆగింది ఏడూ పన్నెండు. బుధవారమైతే ముప్పై ఏడు గంటల పన్నెండు నిమిషాలు. మంగళవారమైతే పదమూడు గంటల పన్నెండు నిమిషాలు. కొండ బోడిదైతే నీళ్ళు పదమూడు గంటల్లో దిగుతాయి. ఆయనకు మట్టి సంగతి తెలుసు, యూరియా సంగతి తెలుసు. వరద ఎన్ని గంటలకు వస్తుందన్నది మాత్రం తను కొలవలేదు. దానికి గవర్నమెంటు పుస్తకాన్ని నమ్మాడు. పుస్తకంలో మూడేళ్ళుగా ప్రతి వరదా పట్టిక ప్రకారమే వచ్చింది మరి.

ఎందుకు అలా వచ్చిందో ఆ జిల్లాలో నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

మూడు గంటలకు వంతెన దగ్గరున్నాను. వాగు మోకాలి లోతున ఉంది. గట్టు మీద గేజీ గది. గేజీ అంటే నీళ్ళలో నిలబెట్టిన అడుగుల గీతల రాయి. దాన్ని చూసి పుస్తకంలో రాసే నౌకరును లస్కరంటారు. ఇప్పటి లస్కరు వీరాస్వామి తలుపులోనే చుట్ట కాలుస్తున్నాడు.

"రా నరసింహమన్నా. ఎన్నాళ్ళకి."

"పుస్తకం తియ్యి."

"కాపీ పోలీసులు తీసుకెళ్ళారుగా."

"అసలుది తియ్యి."

తీశాడు. నేను 68 నుంచి వరదలన్నీ వేలు పెట్టి చదివాను. కొండ దగ్గర వాన ఆగిన వేళ, వంతెనకు వరద వచ్చిన వేళ. పదకొండు వరదలు. అన్నీ ముప్పై ఆరు గంటలు. ఒక్కటి కూడా ముప్పై అయిదున్నర లేదు.

"నీళ్ళకి గడియారం ఎవడు కట్టాడు వీరాస్వామీ?"

"వాగు గుణం అన్నా."

"పద్నాలుగు బుధవారం ఆరింటికి గేజీ నువ్వే చూశావా?"

"నేనే. ఈ కళ్ళతో."

"ఏ చొక్కా వేసుకున్నావు?"

"చొక్కా ఏంటన్నా?"

"తడిశావా లేదా అని."

"తడిశాను. వాన కదా."

"దుగ్గిరాలలో బుధవారం వాన లేదు." జేబులోంచి చీటీ తీశాను. "నిన్న పసుపు యార్డుకు వెళ్ళాను. పద్నాలుగో తారీకు పొద్దున ఏడింటికి మీ అల్లుడి పసుపు తూకం వేశారు. సాక్షి సంతకం వీరాస్వామి. ఇదిగో నకలు. ఆరింటికి ఇక్కడ గేజీ చూసి ఏడింటికి దుగ్గిరాలలో సంతకం పెట్టాలంటే జీపున్నవాడికే కుదరదు. నీకు సైకిలు కూడా లేదు."

వీరాస్వామి చుట్ట ఆర్పాడు. ఆర్పి మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు.

"ఎప్పుడెళ్ళావు దుగ్గిరాల?"

"ఆదివారం."

"వచ్చింది?"

"బుధవారం సాయంత్రం. అప్పటికి నీళ్ళు తీస్తన్నాయి. తలుపు కింద తంతి కాగితం ఉంది, కొండకాడ సోమారం ఆరింటికి వాన ఆగిందని. పట్టిక చూసి రాసేశాను."

"చూడకుండా."

"నువ్వు చూసి రాశావా?"

ఆ ప్రశ్న కోసమే పొద్దుటి నుంచి భయపడుతున్నాను. వీరాస్వామి లేచి గది లోపలి గోడ మీద దీపం గూడు పక్కకు చెయ్యి చూపించాడు. తారుతో రాసిన పట్టిక. కొండ దగ్గర వాన ఆగిన ముప్పై ఆరు గంటలకు వంతెన వరద. కింద సంవత్సరం 1953. 'గంటలకు' అన్నచోట 'ట' తలకిందులుగా ఉన్నట్టుంటుంది. నా చేతిరాతే అలా ఏడుస్తుంది.

51 నుంచి 62 దాకా ఇక్కడ లస్కరును నేను. 53లో ఆరు వరదలు నిద్ర మానుకుని నిజంగా చూశాను. అప్పుడు కొండ మీద అడవి ఉంది. వాన చెట్లలో, ఆకుల్లో నిలిచి, నింపాదిగా ఒకటిన్నర రోజుకు దిగేది. ఆరుసార్లూ ఇంచుమించు ముప్పై ఆరు గంటలు. గోడ మీద రాసుకున్నాను. తరవాత తొమ్మిదేళ్ళు వాగు ముఖం చూడకుండా ఇంట్లో కూర్చుని గోడ చూసి రాశాను. వీరాస్వామికి పని అప్పగించిన రోజున చెప్పిన మాట కూడా గుర్తుంది: నీళ్ళ దగ్గరికి పోనక్కర్లేదు తమ్ముడూ, అంతా గోడ మీదుంది.

"ఈ మాట కోర్టులో చెప్పు వీరాస్వామీ. వరద చూడలేదని ఒక్క మాట. మనిషి ప్రాణం."

"నా ఉద్యోగం?"

"నిజం చెబితే పోకపోవచ్చు."

"నువ్వు నవ్వకుండా చెప్పు అన్నా, ఆ మాట."

నవ్వలేదు. పుస్తకం మూసి అతని ముందుకు తోశాను.

ఆరు కావస్తుండగా కర్లపాలెం నుంచి తంతి మనిషి వచ్చి కాగితం ఇచ్చి వెళ్ళాడు. ఆ రోజు మధ్యాహ్నం నుంచి పడమట మబ్బు పట్టి ఉంది. కాగితంలో ఉన్నది: కొండ దగ్గర వాన ఐదూ పదికి ఆగింది, అక్కడి గేజీ ఎనిమిది అడుగులు. వీరాస్వామి గోడ వైపు ఒక చూపు చూసి, కలం సిరాలో ముంచి, నా ఎదురుగానే పుస్తకంలో రాశాడు. ఇరవై నాలుగు, శనివారం, తెల్లవారుజామున ఐదూ పది, ఎనిమిది అడుగులు. రాసి సిరా ఆరడానికి ఊదాడు. తరవాత నా ముఖం చూసి, తను చేసినదేంటో అప్పుడు గ్రహించాడు.

"చెయ్యి అలవాటు అన్నా," అన్నాడు మెల్లగా.

గట్టు మీద జీపు ఆగింది. మర్నాటి పంచనామాకు చోటు చూసుకోవడానికి వరప్రసాదం ఇద్దరు కానిస్టేబుళ్ళతో దిగాడు.

"ఓహో. డిటెక్టివుగారు పాత ఆఫీసుకొచ్చారు."

నేను దాచుకోలేదు. కార్డు, పచ్చ సీసా సంగతి, తూకం చీటీ, గోడ మీద పట్టిక, అన్నీ వరసగా చెప్పాను. అతను కార్డు చదివి చిరునవ్వు నవ్వాడు.

"బుధవారం దాకా అక్కడే ఉంటానని మాస్టరే రాశాడు. మంగళవారం నీ పచ్చ నీళ్ళు పట్టాడు. బుధవారం ఎర్ర నీళ్ళు పట్టబోతుంటే నీవాడు తోశాడు. ఈ కార్డు నాకే పనికొస్తుంది."

"మంగళవారమంతా ఇక్కడుంటే ఎక్కడ తిన్నాడు సార్? కర్లపాలెంలో రెండే హోటళ్ళు. రెండూ అడిగాను. ఒక్క ఇడ్లీ కూడా తినలేదు."

"సైన్సు మాస్టర్లకు ఆకలి తెలీదు."

"పుస్తకం చూడండి. ఎల్లుండి తెల్లవారుజాము లెక్క ఇవాళే రాశాడు. సిరా ఇంకా తడిగా ఉంది. పద్నాలుగో తారీకుదీ ఇలాంటిదే."

వరప్రసాదం పుస్తకం అందుకుని ఆ గీత మీద వేలు ఆనించాడు. వేలికి సిరా అంటింది. అతను తెలివితక్కువవాడు కాదు. వేలి చివర సిరాను బొటనవేలితో రుద్ది చూశాడు. అది చూసి నాకు ఆశ కలిగింది. తరవాత వేలు తలుపుకు తుడుచుకున్నాడు.

"వీరాస్వామీ, పద్నాలుగో తారీకు గేజీ ఎవరు చూశారు?"

"నేనే సార్."

"దుగ్గిరాలలో సంతకం?"

వీరాస్వామి నా వైపు చూడలేదు. "మా అల్లుడు పెట్టుకుని ఉంటాడు సార్. నా పేరుతో."

"విన్నావుగా. వీరాస్వామీ, ఈ పేజీ తడిసి పాడైంది. చించేసి ఇంకొకటి కుట్టుకో." పుస్తకం అతని ఒళ్ళో పడేసి నా వైపు తిరిగాడు. "ఇక ఇంటికెళ్ళు నరసింహం. రేపు ఆరింటికి పని ఉంది నాకు."

అప్పుడు లెక్క వేశాను. ఐదూ పది. దానికి పదమూడు గంటల పన్నెండు నిమిషాలు. ఆరూ ఇరవై రెండు.

"సార్, రేపు పంచనామా పెట్టకండి."

"ఎందుకో?"

"ఆరూ ఇరవై రెండుకు వరద వస్తుంది. మీరు ఏడుకొండల్ని గొలుసుతో వాగులోకి దింపుతారు. గొలుసున్నవాడు ఈదలేడు. మీ కానిస్టేబుళ్ళు కూడా బూట్లతో ఉంటారు."

"వరద శనివారం. గవర్నమెంటు పుస్తకంలో ఉంది. ఇప్పుడే చూశాను."

"ఆ పుస్తకం నమ్మే మాస్టారు దిగాడు."

కానిస్టేబుళ్ళిద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వరప్రసాదం అది గమనించాడు. నన్ను కాస్త దూరం తీసుకెళ్ళాడు.

"చూడు. నోటిమాటతో నేను పంచనామా ఆపితే పై ఆఫీసరు అడుగుతాడు. రాసిస్తావా? ఆ పట్టిక నాదే, నేను కొలిచిందే, ఇప్పుడు చెల్లదు, తొమ్మిదేళ్ళు గేజీ చూడకుండా పుస్తకం రాశాను అని. నీ సంతకం ఉంటే ఒక రోజు వాయిదా వేస్తాను."

"కేసులో పెడతారా ఆ కాగితం?"

"కాగితం వచ్చాక ఎక్కడ పెట్టాలో నేను చూసుకుంటాను. ఇంకో సంగతి. పని మానేసినప్పుడు నీకు నగరం ఊరి దగ్గర కాలువ గట్టున గవర్నమెంటు భూమికి డీ ఫారం పట్టా ఇచ్చారు కదూ, పదకొండేళ్ళు నమ్మకంగా చేశావని? ఆ నమ్మకం అబద్ధమని నువ్వే రాసిస్తున్నావు. అది తహసీల్దారు చూడక మానడు. తరవాత, వరప్రసాదం ముందే చెప్పలేదనకు."

అతను అది చెప్పకపోయినా నాకు తెలుసు. మా ఆవిడ ఆ చేలో దిగిన కాలు వారం క్రితం కలుపుతీత చివరి రోజునే కడుక్కుంది. ఇంట్లో తినేది అదే. వకీలుగారిచ్చేది బస్సులకు సరిపోతుంది.

"ఏడుకొండలుకు నేను బాకీ లేను సార్," అన్నాను.

"లేవు. అందుకే అడుగుతున్నాను. ఇంటికెళ్ళొచ్చు."

మాస్టారు నా గోడ చదివి వాగులోకి దిగాడు. ఇంకొకడు రేపు దిగుతాడు, అతనికైతే దిగనని అనే వీలు కూడా లేదు.

జీపు బానెట్ మీద కాగితం పరిచారు. నేనే రాశాను. వరప్రసాదం ఒక్క మాట కూడా దిద్దలేదు. సంతకం పెట్టాక కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని, "శనివారం ఆరింటికి," అని కానిస్టేబుళ్ళకు చెప్పాడు.

శుక్రవారం పొద్దున ఐదున్నరకే వంతెన మీదున్నాను. పోలమ్మను, ఏసమ్మను రమ్మన్నాను. ఇద్దరూ చెరో కొసన నిలబడ్డారు. ఆరు దాటింది. నీళ్ళు మోకాలి లోతే. ఆరూ పది. పోలమ్మ నా గడియారం వైపు చూసింది. ఆరూ పందొమ్మిదికి ఎగువ నుంచి బండి రాళ్ళ మీద పోతున్నట్టు చప్పుడు వచ్చింది. ఆరూ ఇరవైకి గేజీ రాయి కింది గీతలు మునిగాయి. ఆరూ ఇరవై ఐదుకు ఐదడుగులు, ఎర్రగా, మొదలంటా కొట్టేసిన చెట్ల వేళ్ళు దొర్లించుకుంటూ.

ఏసమ్మ రైలింగు పట్టుకుని, మాస్టారు దిగిన మెట్లు ఎక్కడుండేవని అడిగింది. చూపించాను. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేదు.

"ఆయనకి ఎంతసేపు పట్టుంటుందండి పైకి ఎక్కడానికి?"

"ఎక్కే వ్యవధి లేదమ్మా."

పోలమ్మ వెళ్ళి గేజీ గది తలుపు బాదింది. వీరాస్వామి బయటికి వచ్చి, గట్టు అంచున నిలబడి, వాగు వైపు చాలాసేపు చూశాడు. బహుశా ఎనిమిదేళ్ళలో వరద వచ్చే వేళకు అతను అక్కడ నిలబడటం అదే మొదటిసారి.

"చూశావుగా," అంది పోలమ్మ. "ఇప్పుడు రాయి."

"చూశాను చెల్లెమ్మా."

లోపలికి వెళ్ళాడు. తలుపు వేసుకున్నాడు. నేను కిటికీలోంచి చూశాను. చించిన పేజీ స్థానంలో కొత్తది కుట్టి ఉంది. దాని మీద రాసి ఉన్నది: ఇరవై నాలుగు, శనివారం, తెల్లవారుజామున ఐదూ పది, ఎనిమిది అడుగులు. అతను దాన్ని కొట్టెయ్యలేదు.

శనివారం ఆరింటికి వరప్రసాదం వచ్చేసరికి వాగు నిండుగా ఉంది. పుస్తకం తెప్పించుకుని చూశాడు. యాభై నిమిషాల క్రితం వరద వచ్చిందని ఉంది. ఎదురుగా వరద ఉంది. రెండూ సరిపోయాయి. ఏడుకొండల్ని గట్టు మీదే నిలబెట్టి పంచనామా రాశారు. నిన్నే వచ్చిందని నేనన్నాను, ఇద్దరు ఆడవాళ్ళూ అన్నారు.

"ఒకామె ముద్దాయి పెళ్ళాం," అన్నాడు వరప్రసాదం. "ఒకామె దుఃఖంలో ఉంది. ఒకడు తప్పుడు లెక్కలు రాశానని సంతకం పెట్టిన మనిషి. నీ మాట నేను నమ్మినా, నీ కాగితం నమ్మనివ్వదు నరసింహం."

ఏడుకొండలు గొలుసు చేత్తో పట్టుకుని నన్ను చూశాడు. ఎందుకు పంచనామా ఒక రోజు ఆలస్యమైందో అతనికి ఎవరూ చెప్పలేదు. "లాయరుగారు రాలేదా అన్నా?" అని మాత్రం అడిగాడు.

సోమవారం చార్జిషీటు వేశారు. అందులో నా స్టేట్‌మెంటు లేదు. దక్షిణామూర్తిగారు వెతికించి, అలాంటి కాగితమేదీ స్టేషనులో లేదని జవాబు తెప్పించుకుని, నన్ను పిలిచి తిట్టారు. ఏడుకొండలును సెషన్సుకు కమిట్ చేశారు. బెయిలు రాలేదు. నవంబరు పదకొండున నా ఇంటికి రెవెన్యూ వాళ్ళ నోటీసు వచ్చింది. దానికి కుట్టిన కాగితం నా చేతిరాతలో ఉంది. పట్టా రద్దు, నగరం, సర్వే నంబరు 118 బై 3, మురుగు కాలువ గట్టు పల్లపు భూమి, పొట్ట మీదున్న వరితో సహా, ఒక ఎకరం అరవై నాలుగు సెంట్లు.